గుంజ ఉంటే ఆవు ఉన్నట్టు కాదు

కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "ఏ కోర్సు చేస్తే మంచిదమ్మా?" అని. నాకు తెలియదు. నేను ఏ కోర్సూ చేయలేదు. ముప్పై ఏళ్లు ఈ పని చేసి, దిగిపోయి, ఇప్పుడు మదనపల్లెలో ఇంటి ముందు కరివేపాకు చెట్టుకు నీళ్లు పోసుకుంటున్నాను. కోర్సుల గురించి చెప్పడానికి ఊరి నిండా బోర్డులున్నాయి. నేను చెప్పగలిగింది ఒక్క అలవాటు గురించే. ఏ మెషీన్ ముందు కూర్చున్నా సరే, అందులో ఒక్క ముక్క రాసే ముందు, ఒక్క ముక్క తుడిచే ముందు, ఏ డిస్క్ ఎక్కడ తగులుకొని ఉందో కళ్లతో చూసుకోవాలి. చిటికెలో అయ్యే పని. ఆ చిటికెడు పనికి నేను బద్ధకించినందుకు పుంగనూరులో ఒక డాక్టరమ్మ ఆరు నెలల కష్టం గంగపాలు కావలసింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జీతాలు, ప్రమోషన్లు, శాలువాలు ఇందులో ఉండవు. వాటిలో నేర్చుకునేది ఏమీ లేదు.

క్యూతో మొదలైన చదువు

మాది గంగవరం దగ్గర పల్లె. చిన్నప్పుడంతా ఆవుల వెంబడే. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు సంతకం రాదు. మదనపల్లెకు వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. సెంటర్ నడిపే ఆయన పేరు వెంకటరమణప్ప. మనిషి ముక్కోపి, మనసు వెన్న అని రాస్తే అబద్ధం అవుతుంది. మనసు కూడా కొంచెం గట్టిదే. కానీ అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎవరినీ పంపేవాడు కాదు, ఊడ్చే మనిషిని కూడా.

అప్పట్లో మా వీధికి రోడ్డు లేదు. ఎర్రదుమ్ము లోపలికి వచ్చి కీబోర్డుల్లో కూర్చునేది. నెలకోసారి మీటల మూతలన్నీ ఊడబీకి, సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఎక్కడివి అక్కడ బిగించాలి. ఆ పని నాది. సార్ ఒక కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి ఇచ్చాడు. ఆ బొమ్మను చూసి, మూత మీది గీతలను చూసి, రెండూ ఒకటేనా అని పోల్చుకొని బిగించేదాన్ని. అట్లా నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అందరికీ ఏతో మొదలైతే నాకు క్యూతో మొదలైంది. ఇప్పటికీ ఏబీసీడీలు వరుసగా చెప్పమంటే తడబడతాను. కీబోర్డు వరుసలో చెప్పమంటే ఊపిరి తీయకుండా చెప్తాను.

తెలుగు అక్షరాలు ఆ తరువాత, వయోజన విద్య తరగతిలో నేర్చుకున్నాను. చిన్నప్పుడే బడికి పోయినవాళ్లు వాక్యాన్ని ఒక్కసారిగా చూసేస్తారు. పెద్దయ్యాక నేర్చుకున్న మాలాంటివాళ్లు అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతారు. దానికి నేను చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. ఈ పనిలో అది వరమని తరువాత తెలిసింది.

ఒకసారి రెండు మూతలు మార్చి బిగించాను. ఎమ్ ఉండాల్సిన చోట ఎన్, ఎన్ ఉండాల్సిన చోట ఎమ్. మరుసటి రోజు టైపింగ్ పరీక్ష. పరీక్ష రాసే అమ్మాయి మీటలు చూసి కొట్టే రకం. ఒకటి కొడితే ఇంకొకటి పడుతోంది. పాపం, ఏడ్చేసింది. సార్ నన్ను పిలిచాడు.

"ఏం రెడ్డెమ్మా, ఇదేంది?"

"మూత మీద రాసుండేది సరిగా సూసుకోలేదు సార్."

"మూత మీద ఏం రాసుంటే ఏముందమ్మా? మిషనుకు మూత కనబడదు. దేన్ని యాడ కూసోబెడితే అదే దాని పేరు అనుకుంటాది. గుర్తు పెట్టుకోకుండా ఏదీ ఊడబీకొద్దు."

ఆ మాట బంగారంలాంటిది. ఇరవై ఏళ్ల తరువాత అవసరం పడిన రోజున నాకు గుర్తుకు రాలేదు.

గుంజ, ఆవు, మేత

ఊడ్చే పని నుంచి ల్యాబ్ పనికి, ల్యాబ్ నుంచి సర్వర్ల పనికి వచ్చాను. అదంతా ఎట్లా జరిగిందో ఇక్కడ అనవసరం. సర్వర్లను నడిపే లైనక్స్ వచ్చిన కొత్తలో "మౌంట్ అంటే ఏంది సార్?" అని అడిగాను. సార్ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. నాకు ఎక్కలేదు. రెండు రోజులు ఆలోచించి నాకు తెలిసిన దారిలో అర్థం చేసుకున్నాను. ఆ తరువాత పిల్లలకు నేను చెప్పింది కూడా ఆ దారిలోనే.

పశువుల కొట్టంలో గుంజ నాటి ఉంటుంది. దానికి ఆవును కడతాం. లైనక్స్‌లో ఖాళీ ఫోల్డరే గుంజ, డిస్కే ఆవు. డిస్క్‌ను ఆ ఫోల్డరుకు కట్టడమే మౌంట్. కట్టిన తరువాత ఆ ఫోల్డరులో ఏది వేసినా డిస్క్‌లోకి పోతుంది. ఆవు ముందర వేసిన మేత ఆవు తిన్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆవు లేకపోయినా గుంజ అక్కడే ఉంటుంది. మీరు అలవాటుగా వచ్చి మేత వేస్తే గుంజ వద్దనదు. మేత నేలమీద పడుతుంది. అంటే, సిస్టమ్ ఉన్న మొదటి డిస్క్‌లో పడుతుంది. మీరు మాత్రం ఆవుకు పెట్టామనే అనుకుంటారు. ఆ తరువాత ఎవరో ఆవును తెచ్చి ఆ గుంజకే కడితే, అది మేత మీదే నిలబడుతుంది. కింద ఉన్నది ఇక మీకు కనబడదు. పోలేదు, ఉంది. కనబడదు, అంతే.

అందుకే చూసుకోవాలి. mount అని ఒట్టిగా కొడితే ఏవేవి కట్టి ఉన్నాయో అన్నీ వస్తాయి. అయితే ఈ కాలం మెషీన్లలో యాభై వరుసలు వస్తాయి, అందులో సగానికి పైగా సిస్టమ్ తన అవసరానికి పెట్టుకున్నవి. పిల్లలు వాటిని చూసి గాభరాపడి కళ్లు మూసుకుంటారు. findmnt అని కొట్టండి. అదే విషయాన్ని కొమ్మలు గీసి, నాలుగు నిలువు వరుసల్లో చూపిస్తుంది. ఏ ఫోల్డరు, దానికి ఏ డిస్క్, అది ఏ రకం, ఏ షరతుల మీద కట్టారు. నిజమైన డిస్కులు మాత్రమే కావాలంటే findmnt -t ext4 అనండి, మీ డిస్కుల రకం వేరే అయితే ఆ రకం పేరు పెట్టండి. ఒక్క ఫోల్డరు సంగతే కావాలంటే findmnt తరువాత ఆ ఫోల్డరు పేరు రాయండి. దానికి డిస్క్ కట్టి ఉంటే ఒక వరుస వస్తుంది. లేకపోతే ఏమీ రాదు. ఏమీ రాకపోవడమే జవాబు. చాలామంది ఆ మౌనాన్ని చూసి "కమాండ్ పనిచేయలేదమ్మా" అంటారు. పనిచేసింది నాయనా, నీకే వినబడలేదు.

ఇంకొక పొరపాటు గురించి కూడా చెప్పాలి. fstab అని ఒక ఫైలు ఉంది. మెషీన్ లేచేటప్పుడు ఏ డిస్క్‌ను ఏ ఫోల్డరుకు కట్టాలో అందులో మనం రాసిపెడతాం. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆ ఫైలు తెరిచి చూసి "అన్నీ ఉన్నాయి" అని చెప్పేస్తారు. అది పెళ్లి పత్రిక. పత్రికలో అందరి పేర్లూ ఉంటాయి. ఎవరు వచ్చారో తెలియాలంటే పందిట్లోకి పోయి చూడాలి. findmnt అంటే పందిట్లోకి పోవడం.

కుప్పంలో లేవని మంచం

నేను పనిచేసే సంస్థ కుప్పం దాకా చిన్న చిన్న ఆఫీసుల మెషీన్లు చూసేది. కుప్పంలో ఒక ల్యాబ్‌ను శెల్వరాజు అనే ఆపరేటర్ చూసుకునేవాడు. మంచివాడు, తొందర ఎక్కువ. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ డిస్కు ఊడేదానికి ఒప్పుకోలేదు. బిజీ అంటాంది. కరెంటు వైరు పీకేస్తా, సరేనా?"

"పీకినావంటే నీ చెయ్యి పీకుతా. నువ్విప్పుడు యాడ ఉండావు?"

"ఈడే, కుర్చీలో."

"కుర్చీ కాదప్పా, ఏ ఫోల్డర్లో ఉండావు?"

మీటల చప్పుడు వినబడింది. ఏ ఫోల్డరులో ఉన్నామో చెప్పే pwd కొట్టినట్టున్నాడు. తను నిలబడింది ఆ డిస్క్ లోపలే.

"మంచం మీద పండుకొని మంచం మోయమంటే ఎట్లప్పా శెల్వరాజు? ముందు దిగు."

దిగాడు, డిస్క్ ఊడింది. ఆ తరువాత చాలా ఏళ్లు నేను కుప్పం పోయినప్పుడల్లా "మంచం దిగినావా?" అని అడిగేదాన్ని, అతడు తల గోక్కునేవాడు. డిస్క్ బిజీగా ఉందని అంటే ఎవరో లోపల కూర్చొని ఉన్నారని అర్థం. మెషీన్ మొండికేయడం లేదు, మనిషిని కాపాడుతోంది. దాని మీద బలం చూపించేవాడు ఈ పనికి పనికిరాడు.

పుంగనూరు మంద

పుంగనూరులో పొట్టి ఆవుల జాతిని కాపాడేందుకు కొందరు పెద్దలు కలిసి నడిపే ఒక కేంద్రం ఉండేది. అక్కడి పశువుల డాక్టరు పేరు సుభాషిణి. ఆమె ఊరూరూ తిరిగి, ఏ దూడ ఏ ఆవుకు, ఏ ఎద్దుకు పుట్టిందో రాసుకునేది. దాంతోపాటు ప్రతి పశువు మూతికి దగ్గర నుంచి ఫోటో తీసేది. మనిషికి వేలిముద్ర ఎట్లాగో ఆవుకు మూతి మీది గీతలు అట్లా. ఒకదానిలాగా ఇంకొకటి ఉండదు. పేర్లు నోటుబుక్కులో కూడా ఉంటాయి. కానీ ఏ పేరు ఏ మూతిదో చెప్పేది ఫోటో ఒక్కటే. పశువు చచ్చిపోయినా, సంతలో అమ్ముడుపోయినా, ఆ ఫోటో మళ్లీ తీయలేం.

ఆ ఫోటోలూ రికార్డులూ ఉండే సర్వర్‌ను పెట్టింది నేనే. ముందు వైపు రెండు సొరుగులు. ఒకదానిలో అసలు డిస్క్, ఇంకొకదానిలో నకలు డిస్క్. రెండు ఫోల్డర్లకు /manda అని, /nakalu అని పేర్లు పెట్టాను. రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు మందలో ఉన్నది ఉన్నట్టు నకలులోకి పోయేలా, దానంతటదే నడిచే ఆదేశాల పట్టీ, ఒక స్క్రిప్ట్ రాశాను. మందలో లేనిది నకలులో ఉంటే తుడిచేస్తుంది కూడా. రెండూ అచ్చు ఒకలాగే ఉండాలని.

ఒకసారి నకలు డిస్క్ అందక మెషీన్ లేవకుండా ఆగిపోయింది. కేంద్రం మేనేజరు ఫోన్లో నన్ను ఉతికేశాడు. అందుకని fstabలో nofail అనే మాట చేర్చాను. డిస్క్ లేకపోయినా ఆగకుండా లేవమని దాని అర్థం. ఆ మాట తప్పు కాదు. ఆ మాట రాసి, ఆ తరువాత పందిట్లోకి తొంగిచూడకపోవడం తప్పు.

ఇంకొక తప్పు. fstabలో డిస్కులను వాటి సొంత గుర్తుతో రాయాలి. ప్రతి డిస్క్‌కూ చెరగని పొడుగాటి నంబరు ఒకటి ఉంటుంది, కావాలంటే మనం పేరు కూడా పెట్టవచ్చు. నేను అట్లా రాయలేదు. sdb అంటే మంద, sdc అంటే నకలు అని రాసి ఊరుకున్నాను. అవి డిస్కుల పేర్లు కావు. ఏది ముందు కనబడితే దానికి సిస్టమ్ ఇచ్చే వరుస పేర్లు. పొడుగాటి నంబర్లు వేలు పెట్టి చదివి రాయడానికి ఆరోజు బద్ధకమైంది. ఉన్నమాట ఇది.

ఉగాది ముందు దుమ్ము దులిపినప్పుడు నకలు సొరుగు పూర్తిగా లోపలికి పోలేదు. వెంట్రుకవాసి దూరంలో ఆగింది. మెషీన్ దర్జాగా లేచింది. రోజూ మధ్యాహ్నం స్క్రిప్ట్ నడిచింది. రోజూ "పని పూర్తయింది" అని రాసింది. ఆ ఎండాకాలంలో సిస్టమ్ డిస్క్ నిండిపోతోందని హెచ్చరిక వచ్చింది. నేను పాత లాగ్ ఫైళ్లు నాలుగు తుడిచి వచ్చేశాను. ఎందుకు నిండిందని అడగలేదు. ఇల్లు కారుతుంటే కింద చెంబు పెట్టి పోయినట్టు.

ఆయుధ పూజ

మనవైపు ఆయుధ పూజకు మెషీన్ ఉన్న ప్రతి చోటా బొట్టు పడుతుంది. బస్సుకూ, కుట్టుమిషనుకూ, నాగలికీ, కంప్యూటర్‌కూ. పుంగనూరు కేంద్రంలో ఆ పని మునెప్పది. వాచ్‌మన్, నాకంటే పెద్దవాడు, చదువు రాదు. భక్తి ఉన్న మనిషి. పైపైన బొట్టు పెట్టడం ఆయనకు నచ్చలేదు. మెషీన్ ఆపి, రెండు సొరుగులూ బయటికి లాగి, తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పటం ముందు పెట్టాడు. పూజ అయింది. బొరుగులు, పప్పులు, బెల్లం పంచారు. సొరుగులు మళ్లీ తోసేశాడు. ఈసారి గట్టిగా, చివరిదాకా. అయితే కుడిది ఎడమలో, ఎడమది కుడిలో.

పండుగ సెలవు అయిపోయాక పొద్దున మెషీన్ వేశారు. డాక్టరమ్మ పల్లెలకు పోయింది. మధ్యాహ్నం తిరిగి వచ్చి, అన్నం తిని, స్క్రీన్ తెరిస్తే ఉగాది తరువాత పుట్టిన దూడ ఒక్కటీ లేదు. నకలు తెరిచింది. అందులోనూ లేదు. నాకు ఫోన్ చేసింది. ఆమె గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అరవలేదు.

"రెడ్డెమ్మా, ఆరు నెలలది ఏమీ లేదు. ఒకసారి వస్తావా?"

మదనపల్లెలో దొరికిన మొదటి పుంగనూరు బస్సు ఎక్కాను. ఆ ఆరు నెలల్లో ఆమె ఫోటోలు తీసిన ముసలి ఆవులు కొన్ని చచ్చిపోయాయని, కొన్ని సంతల్లో ఎటో పోయాయని నాకు తెలుసు. ఆ ఫోటోలు దొరక్కపోతే ఆ దూడల తల్లులు ఎవరో చూపించడానికి ఇక ఏమీ ఉండదు.

నేను పోయేసరికి మేనేజరు వరండాలో మునెప్ప మీద విరుచుకుపడుతున్నాడు.

"యాల పీకినావప్పా ఆ సొరుగులు? ఎవురు పీకమనిరి?"

"పూజకు స్వామీ. మురికిగా ఉండె."

"రేప్పొద్దున్నించి నువ్వు పనికి రావద్దు, పో!"

నేను చెప్పులు కూడా విప్పకుండా మధ్యలోకి పోయాను. "ఆయప్ప పీకింది నిజమే. యాడవి ఆడ పెట్టకపోయింది నిజమే. రెండిట్లో ఏది ఏదో గుర్తు పెట్టాల్సింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టండి. అది తరువాత. ముందు నన్ను సూడనీండి."

నేలమీది మేత

findmnt కొట్టాను. వేలు పెట్టి చదివాను. /manda దగ్గర sdb. /nakalu దగ్గర sdc. నేను fstabలో రాసినట్టే ఉంది, అక్షరం తేడా లేదు. ఒక్క క్షణం నాకు దిక్కు తోచలేదు. అంతా సరిగ్గా ఉంటే పోయింది ఎందుకు?

lsblk కొట్టాను. అది డిస్కుల సైజులు కూడా చూపిస్తుంది. నకలు డిస్క్ నేను తరువాత కొన్నది, సైజు పెద్దది. ఇప్పుడు చూస్తే మంద గుంజ దగ్గర పెద్ద డిస్క్ నిలబడి ఉంది. అప్పుడు వినబడింది వెంకటరమణప్ప సార్ మాట. మిషనుకు మూత కనబడదు. యాడ కూసోబెడితే అదే దాని పేరు.

జరిగింది అర్థమైంది. ఉగాది నాటి పాత నకలు మంద అయి కూర్చుంది. అసలు మంద నకలు అయి కూర్చుంది. మధ్యాహ్నం అందరూ అన్నం తింటుండగా నా స్క్రిప్ట్ వచ్చి, పాతదానిలో లేనిదంతా అసలుదాని నుంచి తుడిచేసింది. దానికి గంట ముందు ఎవరైనా findmnt పక్కన lsblk పెట్టి చూసి ఉంటే ఏమీ పోయేది కాదు. మునెప్ప సొరుగులు మార్చాడు. తుడిచింది నేను.

డాక్టరమ్మకు అదే చెప్పాను. దాచలేదు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "చౌడమ్మ వాళ్ల ముసలావు పోయింది రెడ్డెమ్మా. దాని మూతి ఇంక యాడ దొరుకుతుంది?" అంది.

నా బుర్ర ఇంకొక చోట చిక్కుకొని ఉంది. నకలు డిస్క్‌లో ఉన్నది ఉగాది నాటిది. అంటే ఉగాది తరువాత దానికి మేత అందలేదు. మరి స్క్రిప్ట్ ఆరు నెలలు రోజూ మేత వేశానని రాసింది కదా! ఆవు తినకపోతే ఆ మేత ఏమైంది?

df -h కొట్టాను. సిస్టమ్ డిస్క్ గొంతుదాకా నిండి ఉంది. అందులో ఉన్న ఫోల్డర్లన్నీ du -xతో కూడితే సగం కూడా లేదు. మిగతాది ఎక్కడ ఉందో తెలియాలంటే ఒకటే దారి. ఆవును పక్కకు తోలాలి.

umount /nakalu అన్నాను. బిజీ అంది.

వెనక్కి తిరిగి చూస్తే డాక్టరమ్మ స్క్రీన్ మీద ఇంకా నకలు ఫోల్డరే తెరిచి ఉంది. అంత బాధలోనూ నాకు శెల్వరాజు గుర్తుకొచ్చాడు.

"డాక్టరమ్మా, మంచం దిగండి."

"ఏం మంచం?"

"ఆ ఫోల్డర్ మూసేయండి. ఏమీ అడగొద్దు."

మూసింది. మళ్లీ కొట్టాను. ఈసారి ఏమీ అనలేదు. డిస్క్ ఊడింది. ఇప్పుడు findmnt /nakalu అన్నాను. మౌనం. గుంజ ఉంది, ఆవు లేదు. లోపల ఏముందో చూపించే ls /nakalu కొట్టాను. ఖాళీగా ఉండాల్సిన చోట డాక్టరమ్మ తిరిగిన ఊళ్ల పేర్లు వరుసగా పడుతూ పోయాయి. ఒక తెర నిండింది, రెండో తెర నిండింది. నేను వేలు పెట్టి చదువుతున్నాను. డాక్టరమ్మ లేచి నా భుజం మీదుగా వంగింది.

"అది తెరువు. చౌడమ్మ వాళ్లది."

తెరిచాను. ముసలావు మూతి. నల్లగా, తడిగా, గీతలు గీతలుగా. డాక్టరమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ నొప్పి మరుసటి రోజు కూడా ఉంది.

మునెప్ప గడప దగ్గర నుంచి అడిగాడు. "ఉండాయామ్మా దూడలు?"

"ఉండాయప్పా. నేలమీద పడి ఉండాయి."

"పూజ ఫలం" అన్నాడు మునెప్ప.

"పూజ ఫలం కాదు, నా సోమరితనం ఫలం" అన్నాను. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

పిల్లలూ, ఇందులో నుంచి తప్పు పాఠం నేర్చుకోవద్దు. నేను చేసిన ఒక తప్పు, నేను చేసిన ఇంకొక తప్పు నుంచి కాపాడింది. అది తెలివి కాదు. గోడ మీద నుంచి పడినవాడు గడ్డివాము మీద పడితే గోడ ఎక్కడం మంచిదని అర్థం కాదు. ఆ సాయంత్రం నేను చేసిన తెలివైన పని ఒక్కటే. దేన్నీ సరిచేయడానికి పోకుండా, ముందు స్క్రిప్ట్ ఆపి, ఆ నేలమీది మేతనంతా ఒక కొత్త డిస్క్‌లోకి ఎత్తుకున్నాను. మిగతావన్నీ ఆ తరువాత.

పసుపు బొట్టు, కుంకుమ బొట్టు

దొరకనిది ఒక్కటే. పూజకు ముందు రోజు మధ్యాహ్నం నకలు అయిపోయాక, సాయంత్రం ఎక్కించిన ఒక దూడ. కెమెరాలో ఉన్నది కూడా డాక్టరమ్మ తుడిచేసింది. అది గంగవరం వైపు పల్లెలో లక్ష్మక్క అనే ఆమె దూడ. మరుసటి రోజు ఇద్దరమూ పోయాం. నేను పోవాల్సిన పని లేదు, కానీ పోయాను.

"మొన్ననే కదమ్మా మూతికి ఫోటో తీస్తిరి? మళ్లీ యాల?" అంది లక్ష్మక్క.

డాక్టరమ్మ నావైపు చూసింది. "నా వల్ల పోయిందక్కా" అన్నాను.

"పోతే పోనీలేమ్మా. దూడ ఉండాది కదా, తీసుకోండి" అని దాని మెడ పట్టుకుంది. ఆ దూడ నా చెయ్యి నాకింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన గరుకు నాలుక. నాకు చాలా హాయిగా అనిపించింది.

ఆ వారంలోనే fstabలో డిస్కుల సొంత గుర్తులు రాశాను, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. డిస్కుల లోపల పేర్లు కూడా పెట్టాను. స్క్రిప్ట్ మొదట్లో రెండు వరుసలు చేర్చాను. రెండు గుంజలకూ ఆవులు ఉన్నాయా, ఉన్నవి వాటి ఆవులేనా అని ముందు అడుగుతుంది. కాదంటే నడవదు, నాకు కబురు పంపుతుంది. ఇంతా చేసి, సొరుగుల మీద పేర్లు రాయబోతే మునెప్ప అడ్డం వచ్చాడు.

"నాకు సదువు రాదు కదమ్మా. నువ్వేం రాసినా ఒకటే."

నిజమే. ఆయనలాగే నేనూ ఒకప్పుడు గీతలు చూసి మూతలు బిగించినదాన్ని. అందుకని మంద సొరుగుకు పసుపు బొట్టు, అది పోయే గూటికి పసుపు బొట్టు పెట్టాం. నకలుకు కుంకుమ. ఆయన ఉద్యోగం ఉద్యోగంగానే ఉంది. మేనేజరు వారం రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

పోయిన ఆయుధ పూజకు నన్ను పిలిచారు. పని మానేసి ఇన్నాళ్లయినా పిలుస్తారు. లక్ష్మక్క దూడ ఇప్పుడు ఆవు, దాని దూడ కూడా రికార్డులోకి ఎక్కింది. ఆ వరుస చదివి సంతోషపడ్డాను. మునెప్ప సొరుగులు లాగి, తుడిచి, పాత బొట్ల మీదే కొత్త బొట్లు పెట్టి, పసుపును పసుపులోకి, కుంకుమను కుంకుమలోకి తోశాడు. మెషీన్ లేచింది. డాక్టరమ్మ findmnt కొట్టింది, పక్కనే lsblk కొట్టింది. నాకంటే ఎంతో చదువుకున్న మనిషి, స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదివింది.

నేను బొరుగుల పళ్లెం వైపు చెయ్యి చాచాను. మునెప్ప పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"సదివేది అయిందా?"

"అయిందప్పా" అంది డాక్టరమ్మ.

"రెండావులూ ఉండాయా?"

"ఉండాయి. యాడవి ఆడనే ఉండాయి."

"అయితే తినండి" అని పళ్లెం ముందుకు పెట్టాడు.